మరిది అడిగింది లెక్కల పుస్తకం, ఈయన అడిగింది వెనక తలుపు

ప్రశ్న: అక్కా, గిరాకీ లేనప్పుడు షాప్‌లో కూర్చుని మీ పేజీ చదువుతుంటా, నేనే రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు. నాకు 41 ఏళ్లు. చిక్కడపల్లిలో మ్యాచింగ్ సెంటర్ ఉంది, బ్లౌజ్ పీసులు, లైనింగులు, ఫాల్, పికో అన్నీ చేస్తాం. మా ఆయన గుండెపోటుతో పోయి ఏడేళ్లయింది, పాప ఇంటర్ సెకండియర్. ఆయన పోయిన కొత్తలో మా మరిది సాయం చేస్తానని వచ్చి కూర్చున్నాడు, ముందు సలహాలు చెప్పాడు, తర్వాత లెక్కల పుస్తకం అడిగాడు, ఆ తర్వాత గల్లాపెట్టె తాళం, ఆరు నెలలు తిరిగేసరికి 2,70,000 తేడా. అప్పట్నుంచి తాళాలు నా నడుముకే ఉంటాయి, ఆరేళ్లుగా నమ్మకంగా పనిచేస్తున్న పిల్లకి కూడా గల్లా అప్పజెప్పను.

ఏడాదిన్నర కింద ఒకాయన వచ్చి తెల్ల మల్‌మల్ కావాలి, గంజి లేనిది, మెత్తగా ఉండాలి అన్నాడు. ఎడమ చెయ్యి భుజం దాకా కాలిన మచ్చలు, ఒక మోకాలు సరిగ్గా వంగదు. ఫైర్ సర్వీస్‌లో లీడింగ్ ఫైర్‌మన్‌గా చేసేవాడట, నాలుగేళ్ల కింద ఒక గోడౌన్‌లో ర్యాక్ మీద పడిందట, అంతకుమించి ఎప్పుడూ చెప్పడు. ఇప్పుడు ఏదో పెద్ద అపార్ట్‌మెంట్స్‌లో ఫైర్ సేఫ్టీ చూసుకుంటున్నాడు. పెళ్లయింది, దెబ్బ తగలకముందే విడిపోయారు. నెలకోసారి వచ్చే మనిషి వారానికోసారి రావడం మొదలెట్టాడు, అంత మల్‌మల్ ఎవరికీ అవసరం ఉండదని ఆయనకీ తెలుసు నాకూ తెలుసు. స్టూల్ మీద కూర్చుని చాయ్ తాగి వెళ్తాడు. ఎప్పుడూ వీధి వైపే తిరిగి కూర్చుంటాడు, మొదట్లో వచ్చేపోయే ఆడవాళ్లని చూస్తున్నాడేమోనని అనుమానపడ్డా కూడా.

ఇప్పుడు జరిగిందేంటంటే శ్రావణ మాసం స్టాక్ దిగింది, జాగా లేక వెనక తలుపుకి అడ్డంగా మూటలు పేర్చించా. ఆయన చూసి ‘ఇవి ఇవ్వాళే తీసేయించండి’ అన్నాడు. సీజన్ అయ్యాక చూద్దాం అన్నా. మళ్లీ అన్నాడు, మూడోసారి పనిపిల్ల ముందే కొంచెం గట్టిగా అన్నాడు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చి ‘షాప్ నాది, ఎక్కడ ఏం పెట్టుకోవాలో నాకు తెలుసు’ అనేశా. చాయ్ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. పన్నెండు రోజులైంది, రాలేదు. మా అత్తగారి వైపు వాళ్లకి విషయం తెలిసి ‘పనికిరాడని డిపార్ట్‌మెంట్ వాళ్లు తీసేసిన మనిషి, షాప్ మీద కన్నేశాడు, నువ్వు పెళ్లంటూ చేసుకుంటే షాప్ మాకు వచ్చేస్తుంది’ అంటున్నారు. నాకున్నది ప్రేమా, ఆ చెయ్యి చూసి జాలా? ఫోన్ చెయ్యాలా వద్దా?
(పేరు వద్దు, చిక్కడపల్లి)

జవాబు: చెల్లీ, ముందు ఆఖరి ప్రశ్న తేల్చేస్తా. చెయ్యండి ఫోన్, ఇవ్వాళే చెయ్యండి. ఇక మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

జాలా ప్రేమా అన్నారు. జాలిపడే మనిషి మీద ఎవరైనా అంత కోపంగా అరుస్తారా చెప్పండి? జాలి ఉన్నచోట మనం సర్దుకుపోతాం, పోనీలే పాపం అని తల ఊపి, ఆయన వెళ్లాక మూటలు అక్కడే ఉంచేస్తాం. మీరు సమానంగా నిలబడి పోట్లాడారు. పైగా పన్నెండు రోజులు అని లెక్క రాశారు, సుమారు రెండు వారాలు అనలేదు. చీర ఫాల్ కొలిచినట్టు కొలిచారు రోజుల్ని. ఈ ప్రశ్నకి ఇంతకంటే నేను చెప్పక్కర్లేదు.

నేను ఆగిపోయింది ఆ మూటల దగ్గర. మీకు అది పెత్తనంలా వినపడింది, మీ మరిది కూడా సలహాలతోనే మొదలెట్టాడు కాబట్టి అలా వినపడదా మరి, అందులో మీ తప్పేం లేదు. కానీ ఇద్దరూ అడిగినవి పక్కపక్కన పెట్టి చూడండి. మరిది అడిగింది లెక్కల పుస్తకం, ఈయన అడిగింది వెనక తలుపు. మీ దగ్గర్నుంచి తీసుకోవాలనుకున్నవాడు లోపలికొచ్చే దారి వెతుక్కుంటాడు గానీ మీరు బయటపడే దారి గురించి పోట్లాడడు.

ఫైర్ వాళ్లకి మూసేసిన తలుపంటే ఏంటో మన ఊళ్లో ఉండే మనకి వేరే చెప్పాలా. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచి ఆరుగురు వయసు పిల్లలు పోయారు, పొట్టచేతబట్టుకుని సిటీకి వచ్చినవాళ్లు, వాళ్ల ప్రాణం తీసింది పొగ. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర 17 మంది, చిన్న పిల్లలతో సహా, ఎక్కడానికీ దిగడానికీ ఒకే ఇరుకు దారి ఉన్న ఇల్లు. మంట మనిషి దాకా రావక్కర్లేదు చెల్లీ, పొగ నిండితే ఎదురుగా ఉన్న తలుపు కూడా కనపడదు, నాలుగు పీల్పులకే మనిషి సోలిపోతాడు. మీ షాప్‌లో ఉన్నవేమో సగానికి పైగా పాలిస్టర్, క్రేప్, శాటిన్ తాన్లు అయ్యుంటాయి, అవి నూలు బట్టలా కాలి బూడిదవ్వవు, కరిగి ఒంటికి అంటుకుంటాయి. ముందు వైపు స్విచ్‌బోర్డ్ దగ్గర నిప్పు రాజుకుంటే మీకూ ఆ పనిపిల్లకీ మిగిలేది వెనక తలుపొక్కటే. ఆయన ఆ మూటల్ని చూసినప్పుడు మీకు శ్రావణం స్టాక్ కనపడింది, ఆయనకి ఇంకేదో కనపడింది, ఆ ర్యాక్ ఎక్కడ మీద పడిందో ఆ గోడౌన్ కనపడిందేమో, అది నేను ఊహించి చెప్పడం కంటే మీరు అడగడం మేలు. వీధి వైపు తిరిగి కూర్చోవడం కూడా అదే అనుకుంటున్నా. వంగని మోకాలితో పరిగెత్తలేనని తెలిసిన మనిషి దారి ఎటుందో చూసుకునే కూర్చుంటాడు. పాపం ఆడవాళ్లని చూస్తున్నాడని నింద వేశారు!

ఇంకో చిన్న సంగతి. ఈ ఏప్రిల్ 14న ఆయన షాప్‌కి వచ్చాడా, వస్తే ఎలా ఉన్నాడో గుర్తుందా? ఆ రోజు అగ్నిమాపక దినం. 1944లో అదే తేదీన బొంబాయి డాక్‌లో ఒక ఓడ పేలిపోయి 66 మంది ఫైర్ వాళ్లు పోయారు, వాళ్ల జ్ఞాపకంగా ఏటా వారం రోజులు చేస్తారు. ఆ ఓడలో పేలుడు సామానుతో పాటు పత్తి బేళ్లు కూడా ఉన్నాయి. అంటే బట్టల మూటలు చూసి భయపడటం వాళ్ల ఉద్యోగంలో కొత్తేం కాదు. యూనిఫాం ఉన్నన్నాళ్లూ ఆ రోజు పరేడ్‌లో నిలబడిన మనిషి ఇప్పుడు ఎక్కడ నిలబడాలో తెలీక తిరుగుతుంటాడు, వచ్చే ఏడాది ఆ రోజు మీరే పిలిచి చాయ్ పోయండి.

ఇక మల్‌మల్. నవ్వొచ్చింది గానీ అది పూర్తిగా సాకు మాత్రం కాదు. మా పెదనాన్న కొడుకు ఒకడు చిన్నప్పుడు స్టవ్ పేలి కాలాడు, ఇంట్లో అందరం చూశాం. మచ్చలు గట్టిపడకుండా ఒంటికి బిగుతుగా ఉండే ప్రెషర్ గార్మెంట్ అని ఒకటి వేస్తారు, రోజుకి 23 గంటలు, ఏడాది పైనే. అది అయిపోయినా లోతుగా కాలినచోట చెమట గ్రంథులు ఉండవు కాబట్టి చెమట పట్టదు, లోపల వేడి లోపలే, మన మే నెల ఎండల్లో వాళ్లకి నరకం. ఎండ తగిలితే మంట, తగలకపోయినా దురద. అందుకే నిండు చేతులు, మెత్తటి నూలు. దెబ్బ తగిలి నాలుగేళ్లు అంటున్నారు, మీ షాప్‌కి రాకముందు ఎక్కడ కొనేవాడో మరి. పెళ్లి దాకా వెళ్తే ఇవన్నీ రోజూ ఉండేవే, రాత్రి దురదకి నిద్ర లేవడం, మోకాలు పట్టేసి మెట్లెక్కలేకపోవడం, ఏసీ లేకపోతే చిరాకు. ఆ చెయ్యి చూసి ఏమనిపిస్తుందో కాదు, ఆ చేతికి రోజూ క్రీమ్ రాసే ఓపిక మీకుందో లేదో అది ఆలోచించుకోండి. లేదంటే లేదనండి, అదేం పాపం కాదు.

‘పనికిరాడని తీసేశారు’ అన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20 ఏం చెప్తుందంటే, ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాళ్లని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పని చెయ్యలేకపోతే అదే జీతం స్కేలుతో ఇంకో పోస్టులోకి మార్చాలి, అలాంటి పోస్టు లేకపోతే ఆయన కోసం అదనంగా ఒకటి పెట్టి మరీ ఉంచాలి. అంటే ఈయన రెగ్యులర్ ఉద్యోగి అయ్యుంటే తనే వదిలేసి ఉండే అవకాశం ఎక్కువ. సైరన్ మోగితే అందరూ బండెక్కి వెళ్తుంటే తను టేబుల్ దగ్గర రిజిస్టర్ రాసుకుంటూ కూర్చోలేక వచ్చేశాడేమో. లేదా నిజంగా అన్యాయమే జరిగిందేమో, అలాగైతే లాయర్‌ని కలవాల్సిన పని ఇంకా మిగిలే ఉంది. ఏదైనా ఆయన నోటి నుంచి వినాలి, మీ అత్తగారి వైపు వాళ్ల నోటి నుంచి కాదు.

షాప్ సంగతి. మీ ఆయన వీలునామా రాయకుండా పోయుంటే, షాప్ ఆయన సొంతమే అయితే, మీకూ పాపకీ మీ అత్తగారికీ సమాన వాటాలు. అత్తగారి వాటా అత్తగారిదే, దానికి మాటలేదు. మీ వాటా మీకు వచ్చేసింది, మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన అది వెనక్కి పోదు, ఎవరూ లాక్కోలేరు. మెళ్లో తాళి పడినంత మాత్రాన కొత్త భర్తకి మీ షాప్‌లో హక్కూ రాదు. కానీ ఒకటి, మీ తర్వాత వీలునామా లేకపోతే పాపతో పాటు భర్తకీ వాటా వెళ్తుంది. కాబట్టి పెళ్లయినా కాకపోయినా మీ వాటా పాప పేరున వీలునామా రాసి రిజిస్టర్ చేయించుకోండి, రాశానని ఆయనకీ చెప్పండి. ఆయన్ని పరీక్షించడానికి కాదు, మీకు రాత్రి నిద్ర పట్టడానికి. కాగితాలు మాత్రం ఒకసారి లాయర్‌కి చూపించండి, నేను రాసింది చదివి సంతకాలు పెట్టెయ్యకండి.

పాపతో మాట్లాడారా? ఉత్తరం మొత్తంలో ఆ పిల్ల గురించి ఒక్క ముక్కే ఉంది, చదువుతున్న క్లాసు. మరిది కంటే ముందు ఆ పిల్లకి తెలియాలి, అదీ మీ నోటితోనే తెలియాలి.

నడుముకి తాళాలు ఉంచుకోవడం మానమని నేనైతే అనను, అంత దెబ్బ తిన్నాక ఉంచుకోవాల్సిందే. గల్లా తాళం ఎవరికీ ఇవ్వకండి. కానీ వెనక తలుపు తాళం కూడా ఆ గుత్తిలోనే ఉందా?

*

ఈ జవాబు రాసి పక్కన పెట్టానో లేదో మూడో రోజు ఆవిడ దగ్గర్నుంచి ఇంకో మెయిల్ వచ్చింది, అది కూడా వేస్తున్నా.

‘అక్కా, మీ జవాబు వచ్చేదాకా ఆగలేకపోయా. ఆదివారం షాప్ మూసి నేనూ పాపా కూర్చుని మూటలన్నీ పైన అటక మీదకి ఎక్కించాం. ఎందుకమ్మా ఇప్పుడు అంది, మొత్తం చెప్పేశా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఆ అంకుల్ నాకు ఫిజిక్స్ చెప్పారు ఒకసారి, బాగా చెప్తారు అంది. వెనక తలుపు తుప్పు పట్టి అసలు రాలేదు, మర్నాడు వెల్డింగ్ ఆయన్ని పిలిచి 1,800 ఇచ్చి బాగు చేయించా. ఫోన్ చెయ్యడానికి నోరు రాలేదు, తెరిచిన తలుపు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టా, కింద ఏం రాయలేదు. నాలుగు గంటల తర్వాత జవాబొచ్చింది, “తాళం ఏ వైపు?” అని. అంతే. ఎలా ఉన్నారు అని లేదు, సారీ అని లేదు. ఇదేం మనిషక్కా, దీనికి నేనేం చెప్పాలి?’

జవాబు: బయట తాళం ఉంటే లోపలున్నవాళ్లు తాళంచెవి వెతుక్కునే లోపు పొగ నిండిపోతుంది, ఆయన అడుగుతున్నది అది. లోపలి వైపు చేత్తో తీసే గొళ్లెం పెట్టించండి, గుత్తిలోంచి ఆ ఒక్క తాళంచెవి తీసెయ్యండి. ఈసారి ఫోటో పెట్టకండి. ‘గొళ్లెం సరిగ్గా పడుతుందో లేదో మీరే వచ్చి చూడండి, మొన్నటి చాయ్ సగం బాకీ ఉంది’ అని మెసేజ్ పెట్టండి.