టర్బో కారుకు మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్: బిగించే ముందు తెలుసుకోవలసినవి

అమెరికా వచ్చి ఉద్యోగంలో కుదురుకున్న మన యువకులు పాత సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ వంటి టర్బో కారు కొనుక్కున్నాక తరచుగా ఒక సందేహం అడుగుతుంటారు. ఇంజనులోకి టర్బో నెట్టే గాలి ఒత్తిడిని, అంటే బూస్ట్‌ను, మర తిప్పి పెంచుకునే, తక్కువ ధరకు దొరికే మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్‌ను తామే బిగించుకోవచ్చా, దానివల్ల ఇంజనుకు ప్రమాదమేమైనా ఉందా అని. గొట్టాలు విప్పి కలపడం వచ్చిన ఎవరైనా దాన్ని బిగించగలరు. అయితే ఇంతవరకు కారు కంప్యూటర్ చేస్తున్న కాపలా పనిని ఆ పరికరం ఒక స్ప్రింగుకు అప్పగిస్తుంది కనుక, కంప్యూటర్ ఏమేం చూసుకునేదో తెలుసుకుని, ఆ బాధ్యతను మీరు మోయగలిగితేనే దాని జోలికి వెళ్ళాలి. ఆఫీసుకు వెళ్ళిరావడానికి మీకున్నది ఆ ఒక్క కారే అయితే బిగించవద్దనే నా సలహా. బస్సులు సరిగా తిరగని ఊళ్ళో కారు మూలపడితే ఉద్యోగమే ఇబ్బందిలో పడుతుంది.

ముందుగా అది పనిచేసే తీరు చూద్దాం. ఇంజను నుండి వెలువడే పొగ వేగానికి టర్బైన్ తిరుగుతుంది, దానితో ఒకే ఇరుసు మీదున్న కంప్రెసర్ గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది. ఈ ఒత్తిడి హద్దు దాటకుండా పొగలో కొంత భాగాన్ని పక్కదారి పట్టించే చిన్న తలుపే వేస్ట్‌గేట్. కంప్రెసర్ నుండి సన్నని గొట్టం ద్వారా వచ్చే ఒత్తిడి, ఆ తలుపును కదిలించే యాక్చుయేటర్ అనే భాగంలోని స్ప్రింగును నెట్టినప్పుడు ఆ తలుపు తెరుచుకుంటుంది. మాన్యువల్ కంట్రోలర్‌ను ఈ గొట్టం మధ్యలో కలుపుతారు. అందులోని చిన్న గుండును స్ప్రింగు అదిమిపెట్టి ఉంచుతుంది, మీరు మరతో పెట్టిన ఒత్తిడి వచ్చేవరకు గాలి యాక్చుయేటర్‌కు చేరదు. అందువల్ల వేస్ట్‌గేట్ ఆలస్యంగా తెరుచుకుని బూస్ట్ పెరుగుతుంది. యాక్చుయేటర్ సొంత స్ప్రింగు నిర్ణయించిన ఒత్తిడికంటే బూస్ట్‌ను తగ్గించడం మాత్రం దీనివల్ల కాదు.

ఇది అన్ని టర్బో కార్లకూ పనికిరాదు. మనవాళ్ళు ఎక్కువగా కొనే హోండా సివిక్, సీఆర్‌వీ 1.5 లీటర్ టర్బోలలో వేస్ట్‌గేట్‌ను విద్యుత్ మోటారే కదిలిస్తుంది కనుక, కంట్రోలర్ కలపడానికి అక్కడ ఒత్తిడి గొట్టమే ఉండదు. గొట్టం ఉన్న కొత్త కార్లలో కూడా కంప్యూటర్ తాను అడగని బూస్ట్ కనిపిస్తే ఇంజనులోకి గాలిని వదిలే తలుపైన థ్రాటిల్‌ను తానే మూసి శక్తిని తగ్గిస్తుంది, కాబట్టి డబ్బు వృథా అవుతుంది.

చట్టం సంగతి బిగించకముందే చూసుకోవాలి. వాహనాల కాలుష్య నియంత్రణ ఏర్పాట్లను మార్చడం సమాఖ్య స్వచ్ఛ వాయు చట్టం ప్రకారం నిషిద్ధం. నేనుండే కాలిఫోర్నియాలో వాహన చట్టం 27156వ సెక్షను ప్రకారం, రాష్ట్ర వాయు వనరుల మండలి మినహాయింపు సంఖ్య లేని ఇలాంటి భాగంతో రోడ్డెక్కకూడదు. స్మాగ్ చెక్ అనే కాలుష్య పరీక్షలో సాంకేతికుడు బానెట్ ఎత్తి చూసినప్పుడు ఆ సంఖ్య లేని భాగం కనిపిస్తే కారు ఆ పరీక్ష తప్పుతుంది. టెక్సాస్‌లో 2025 జనవరి నుండి సొంత కార్లకు భద్రతా తనిఖీ ఎత్తివేశారని విని అన్నీ పోయాయనుకోవద్దు, డల్లాస్, కాలిన్, డెంటన్, హారిస్ వంటి కౌంటీలలో పొగ పరీక్ష కొనసాగుతూనే ఉంది. వారంటీ విషయంలో 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం కొంత రక్షణ ఇస్తుంది. బయటి భాగం బిగించారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీని రద్దు చేయడానికి వీల్లేదు, కానీ ఆ భాగంవల్లే పిస్టన్ పగిలిందని తేలితే మరమ్మత్తు ఖర్చు మీదే. లీజు కారుకైతే ఈ ఆలోచనే వద్దు.

ఇక 2002 నుండి 2005 వరకు వచ్చిన 2.0 లీటర్ డబ్ల్యూఆర్‌ఎక్స్‌నే ఉదాహరణగా తీసుకుందాం. కంప్రెసర్ నుండి వచ్చే గొట్టం ఒక చోట రెండుగా చీలి, ఒకటి యాక్చుయేటర్‌కూ మరొకటి కంప్యూటర్ నడిపే సోలినాయిడ్ అనే విద్యుత్ వాల్వుకూ వెళుతుంది. ఆ సోలినాయిడ్ కొంత ఒత్తిడిని టర్బో ముందున్న గాలి గొట్టంలోకి వదిలి బూస్ట్‌ను అదుపు చేస్తుంది. ఇంజను పూర్తిగా చల్లారిన తరవాత ఈ చీలిక గొట్టాన్ని, దానిలోపల దాగి ఉండే సన్న రంధ్రపు బిళ్ళతో సహా, తీసి భద్రపరచాలి. కంప్రెసర్ నుండి కంట్రోలర్‌కు, కంట్రోలర్ నుండి యాక్చుయేటర్‌కు కొత్త సిలికాన్ గొట్టాలు వేయాలి, కంట్రోలర్ మీద ఉన్న బాణం గుర్తు యాక్చుయేటర్ వైపు చూడాలి. సోలినాయిడ్ వైర్లను పీకవద్దు, పీకితే చెక్ ఇంజన్ దీపం వెలుగుతుంది. గాలి గొట్టం మీద తెరిచి ఉన్న మొనకు మూత వేయాలి, లేకపోతే సెన్సార్ కొలవని గాలి లోపలికి చేరుతుంది. గొట్టాలకు రెండు చివర్లా క్లిప్పులు బిగించడం అన్నిటికంటే ముఖ్యం. ఒక్క గొట్టం ఊడినా యాక్చుయేటర్‌కు ఒత్తిడి అందదు, వేస్ట్‌గేట్ తెరుచుకోదు, బూస్ట్ హద్దు లేకుండా పెరిగిపోతుంది. కంప్యూటర్ ఇంధనాన్ని ఆపి కాపాడవచ్చు, కానీ ఆ ఆఖరి రక్షణ మీద భరోసా పెట్టుకోకూడదు.

బూస్ట్ గేజ్ లేకుండా కంట్రోలర్‌ను ముట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. గేజ్ గొట్టాన్ని థ్రాటిల్ దాటిన తరవాత, గాలిని సిలిండర్లకు పంచే మ్యానిఫోల్డ్ నుండి తీసుకోవాలి, కంట్రోలర్ గొట్టానికి ఎప్పుడూ కలపకూడదు. మరను పూర్తిగా వదులు చేసి మొదలుపెట్టి, పావు చుట్టు చొప్పున బిగిస్తూ, ప్రతిసారీ గేజ్ చూడాలి. గాలి ఇంధనాల నిష్పత్తి చూపే వైడ్‌బ్యాండ్ సెన్సార్ కూడా ఉంటే మంచిది. బూస్ట్ పెరిగి ఇంధనం సరిపోకపోతే ఇంజనులో వేడి పెరిగి మిశ్రమం తనంతట తానే పేలుతుంది. ఈ నాక్‌వల్లే పిస్టన్ మీద రింగుల మధ్య అంచులు విరుగుతాయి. నాక్‌ను పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే ఆక్టేన్ అంకెల దగ్గర మనవాళ్ళు తికమకపడుతుంటారు. ఇక్కడి పంపు మీది అంకె రెండు పద్ధతుల సగటు కనుక, ఇక్కడి 87 మన దేశంలో వాడే ఒక్క పద్ధతి ప్రకారం 91కి దాదాపు సమానం. టెక్సాస్‌లో 93 పోసి సరిచేసిన బూస్ట్‌తోనే, 91 మాత్రమే దొరికే కాలిఫోర్నియాకు వస్తే నాక్ తప్పకపోవచ్చు.

మర బిగించి గేజ్ చూసే ఈ పరీక్షను రోడ్డు మీద చేయకండి. కారును రోలర్ల మీద నడిపి శక్తిని కొలిచే, గంటకింత అని అద్దె తీసుకునే డైనో దగ్గర గానీ, రేస్ ట్రాక్‌లో గానీ చేయండి. కాలిఫోర్నియాలో రోడ్డు మీద పందెం, వేగ ప్రదర్శన నేరాలు. కారును 30 రోజులు స్వాధీనం చేసుకోవచ్చు. పైగా మీరు వీసా మీద ఉన్నవారు. ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న డీఎస్ 160 వీసా దరఖాస్తులో ఉంటుంది, వీసా స్టాంపింగుకు వెళ్ళిన ప్రతిసారీ దానికి నిజమే రాయాలి.

ఎత్తు, చలి మరో రెండు విషయాలు. సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి సుమారు 14.7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు), ఎత్తైన డెన్వర్ నగరంలో సుమారు 12.1. గేజ్ మీద అదే 14 పీఎస్ఐ కనిపించడానికి సముద్ర మట్టం దగ్గర కంప్రెసర్ గాలిని 1.95 రెట్లకు ఒత్తితే చాలు, డెన్వర్‌లో 2.16 రెట్లకు ఒత్తాలి. టర్బో మరింత వేగంగా తిరిగి, గాలి మరింత వేడెక్కుతుంది. కంప్యూటర్ ఈ తేడాను గమనించి తగ్గగలదు, స్ప్రింగుకు ఆ తెలివి లేదు. చలికాలంలో గాలి చిక్కబడి, జులైలో పెట్టిన మరతోనే బూస్ట్ ఒకటి రెండు పీఎస్ఐ పెరగవచ్చు. అందువల్ల చికాగో, న్యూజెర్సీ వంటి చోట్ల ఉన్నవారు చల్లని రోజునే మరను సరిచేసుకోవాలి. వేసవిలో సరిచేసుకున్నవారు అక్టోబరు రాగానే అర చుట్టు వదులు చేసి గేజ్‌తో మళ్ళీ చూసుకోవాలి.