డాగ్‌వుడ్ వేసే ముందు నా మాట విను

శిరీషా,

మిన్నియాపోలిస్‌లో ఇల్లు కొనుక్కున్నందుకు చాలా సంతోషం తల్లీ. వాకిట్లో క్రోటన్ల లాగా రంగురంగుల ఆకులు ఉండాలని నీకు ఉన్నా, ఈ చలికి ఏదీ బతకదేమోనని టెన్షన్ పడుతున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రెండు రంగుల ఆకుల డాగ్‌వుడ్ పొద వెయ్యి, బతుకుతుంది. దాని పుట్టిల్లు సైబీరియా, ఉత్తర చైనా వైపు, మైనస్ 30 ఫారెన్‌హీట్ దానికో లెక్క కాదు. వేసవంతా పచ్చటి ఆకుకి తెల్లటి అంచు, ఆకు రాలాక మంచులో ఎర్రటి కొమ్మలు, నెలల తరబడి బయట రంగన్నదే కనపడని ఊళ్లో ఆ ఎరుపు ఎంత ఆసరానో జనవరిలో నీకే తెలుస్తుంది.

నర్సరీలో రకం పేరు చెప్పి అడుగు. ‘ఎలిగాంటిస్సిమా’ ఎనిమిది అడుగులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పెరుగుతుంది, వెడల్పూ అంతే. కిటికీ కిందకైతే ‘ఐవరీ హేలో’ తీసుకో, అది 5, 6 అడుగుల దగ్గర ఆగుతుంది, మిన్నెసోటాలోని బెయిలీ నర్సరీస్ వాళ్లు తెచ్చిన రకమే. ‘సిల్వర్ అండ్ గోల్డ్’ కొమ్మలు పసుపుగా ఉంటాయి, ఎరుపు కావాలంటే అది కొనకు. కొన్నది డాగ్‌వుడ్డేనా అని అనుమానం వస్తే ఒక ఆకుని అడ్డంగా, నెమ్మదిగా చింపి రెండు ముక్కలూ కాస్త దూరం జరుపు, ఈనెల్లోంచి సన్నటి తెల్ల దారాలు సాగి, కింది ముక్క వాటికే వేలాడుతుంది.

బంకమట్టి అయినా, డౌన్‌స్పౌట్ (ఇంటి కప్పు మీది వాన నీళ్లు దిగే గొట్టం) నీళ్లు పడే చోటైనా పర్లేదు కానీ ఎండిపోయే నేల పనికిరాదు. పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే చోటు చూడు, ఎందుకంటే తెల్ల అంచులో పత్రహరితం ఉండదు కాబట్టి జూలైలో పడమటెండకి ముందు మాడేది ఆ అంచే. అలాగని పూర్తి నీడలో పెడితే కొమ్మలకి ఎరుపు సరిగా రాదు. డ్రైవ్‌వే అంచున మాత్రం వద్దు, మంచు కరగడానికి చల్లే ఉప్పు కలిసిన మంచు అంతా దాని మొదట్లోనే పడుతుంది. మే నెలలో నాటు, తవ్వే ముందు 811కి ఫోన్ చెయ్యి, నేల కింద గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తు పెడతారు. గొయ్యి కుండీకి రెండింతలు వెడల్పు, లోతు కుండీ అంతే. మొదటి ఏడాది వానల్లేని వారం బాగా తడిసేలా నీళ్లు పెట్టు, కాండానికి తగలకుండా చుట్టూ 3 అంగుళాల వుడ్ చిప్స్ వెయ్యి.

ఇంక అసలు సంగతి, నరకడం. పచ్చటి చెట్టు మీద కత్తి పెట్టడానికి మనకి చెయ్యి రాదు, కానీ దీని అందమంతా లేత కొమ్మల్లోనే ఉంది. మూడు, నాలుగేళ్లు దాటిన కొమ్మకి బెరడు మసకబారి గోధుమరంగుకి తిరుగుతుంది. మొదటి రెండేళ్లు దాన్ని ముట్టుకోకు. మూడో ఏడాది నుంచీ మార్చి చివర్లో, మొగ్గలు విచ్చుకోకముందే, బాగా లావెక్కి రంగు పోయిన కొమ్మలు చూసి మూడో వంతు నేల దాకా కోసెయ్, ప్రతి ఏడాదీ అంతే. హెడ్జ్ కత్తెరతో పైపైన గుండ్రంగా కత్తిరించే వాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, లోపల పాత కట్టె అలాగే ఉండిపోతుంది, పొద సహజమైన ఆకారం కూడా పోతుంది. మధ్యలో ఎప్పుడైనా పూర్తి పచ్చ ఆకులతో ఒక కొమ్మ లేచిందంటే వెంటనే పుట్టిన చోటికి తీసెయ్యాలి, దానికి బలం ఎక్కువ, వదిలేస్తే పొదంతా అదే అవుతుంది.

నవంబర్లో చుట్టూ చికెన్ వైర్ (సన్నటి ఇనప తీగల వల) కట్టు. పేరుకున్న మంచు మీద నిలబడి కుందేళ్లు బెరడు కొరికేస్తాయి, అందుకే వల మంచు మట్టం కంటే రెండడుగులు పైకి ఉండాలి.

కోసిన కొమ్మలు పారెయ్యకు. పెన్సిల్ మందం ఉన్నవి 8, 10 అంగుళాల ముక్కలు చేసి, మొగ్గలు పైకి చూసేలా మూడింట రెండొంతులు మట్టిలోకి గుచ్చి, తడి ఆరకుండా చూస్తే చాలావరకు వేళ్లు పోస్తాయి. మార్చిలో మా పొద కోస్తాను, ఒక కట్ట తడి గుడ్డలో చుట్టి నీకు పంపిస్తా, అందిన రోజే నాటు.

మీ పెద్దమ్మ