మొదటి పాట నుంచి చివరి పాట దాకా

ఇప్పుడు మీ ఇంట్లో ఏ ఆల్బమ్ మోగుతోంది, దాన్నే ఎందుకు వింటున్నారు అని గత సంచికలో ఈ శీర్షికలో విశాఖ పాఠకులను అడిగాను. ఉత్తరాలు బాగానే వచ్చాయి. చాలామంది ఆల్బమ్ పేరు రాసి, ‘చాలా బాగుంటుంది’ అని ముగించారు. ఎందుకు బాగుంటుందో రాయబోయి, మాట అందక, ఆ ప్రశ్నను తిరిగి నన్నే అడిగినవాళ్లు కొందరున్నారు. ఈసారి వారికే జవాబిస్తున్నాను. ఒక సంగీతం నచ్చిందంటే, ‘ఇదిగో ఇక్కడ’ అని వేలుపెట్టి చూపించగల చోటు అందులో ఎక్కడో ఒకటి ఉంటుందని నా నమ్మకం. ఆ చోటు ఎక్కడుందో వెతకడమే ఈ జవాబుల పని.

ప్రశ్న: స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్ట్ ముగించుకుని వచ్చి, పడుకోబోయే ముందు ఇళయరాజా గారి ‘హౌ టు నేమ్ ఇట్’ వింటున్నాను. రెండు నెలలుగా ఇదే అలవాటు. నాకు స్వరజ్ఞానం లేదు, అందులో పట్టుకోవడానికి పాటల మాటలూ లేవు. అయినా మనసు కుదుటపడుతోంది. కారణం చెప్పగలరా? (గాజువాక)

జవాబు: స్వరజ్ఞానం లేదని మీరు అంటున్నా, రెండు నెలలు విడవకుండా విన్నారంటే మీ చెవి దాని పని అది చేస్తూనే ఉంది. 1986లో వచ్చిన ఈ ఆల్బమ్‌ను ఇళయరాజా ఇద్దరు మహానుభావులకు నివాళిగా అర్పించారు. ఒకరు త్యాగరాజస్వామి (1767–1847), మరొకరు జర్మనీ స్వరకర్త బాక్ (1685–1750). మన సంగీతంలో ఒక సమయానికి నడిచేది ఒకే స్వరరేఖ. ఆ రేఖను గమకాలతో ఎన్ని వంపులు తిప్పగలమన్నదే మన విద్వాంసుల సాధన. బాక్ పద్ధతిలో రెండు మూడు రేఖలు ఒకేసారి, దేని దారిన అది నడుస్తూనే, ఒకదానితో ఒకటి పొసగుతాయి. బుర్రకథలో కథకుడు మాట ముగించాకనే వంతలు అందుకుంటారు. ఇక్కడ రెండో గొంతు అలా ఆగదు. మొదటి గొంతు ఇంకా పలుకుతుండగానే అదే మాటను వేరే స్థాయిలో ఎత్తుకుంటుంది. మొదటిది దానికి చోటిచ్చి, తాను మరో మాట అందుకుంటుంది. దీన్ని పాశ్చాత్యులు ఫ్యూగ్ అంటారు.

ఈ ఆల్బమ్‌లో ‘ఐ మెట్ బాక్ ఇన్ మై హౌస్’ అనే భాగం ఉంది. బాక్ ఒంటరి వయొలిన్ కోసం రాసిన మూడవ పార్టీటా (కొన్ని భాగాల వాద్య రచన)లోని ఆరంభ భాగాన్ని తీసుకుని, దాని చుట్టూ ఇళయరాజా తన తీగలు అల్లారు. ఆల్బమ్‌లో వయొలిన్ వాయించినవారు వి.ఎస్.నరసింహన్. రేపు ఉదయం వినేటప్పుడు చెవిని వయొలిన్ వెంట పోనివ్వకుండా, అడుగున మోగే బేస్ మీదనే నిలిపి చివరిదాకా వినండి. అది పైదానికి తాళం వేస్తూ కూర్చోదు, దాని కథ అది చెబుతుంది. ఆ మర్నాడు తిరిగి వయొలిన్ వెంట వెళ్లండి. మీరు విన్నది ఒక్క పాట కాదని, ఒకే ఇంట్లో కలిసి ఉంటున్న రెండు మూడు పాటలని అప్పుడు తెలుస్తుంది. ఎనిమిది గంటలు యంత్రాల మోత మధ్య గడిపి వచ్చిన మనిషికి, ఇన్ని ధ్వనులు ఒకదానినొకటి తొక్కుకోకుండా మసలడం హాయిగా తోచడంలో నాకు వింతేమీ కనిపించలేదు.

ప్రశ్న: మా అమ్మాయి ఫోనులో ఏ ఆల్బమ్ పెట్టినా షఫుల్ నొక్కి, పాటల వరస కలిపేసి వింటుంది. నాకు అది విస్తరిలో అన్నీ ఒకేసారి కలిపేసుకున్నట్టు అనిపిస్తుంది. తప్పంటే వినదు. మీరేమంటారు? (ఎం.వి.పి. కాలనీ)

జవాబు: సినిమా పాటలైతే అమ్మాయిని ఏమీ అనకండి. వాటి వరస సినిమా కథది. క్యాసెట్టు మీదికి ఎక్కేసరికి ఆ వరస ఎలాగూ మారిపోయేది. ఘంటసాల గారి భగవద్గీత సంగతి వేరు. ఆయన 1974 ఫిబ్రవరిలో కన్నుమూసిన తరువాత విడుదలైన ఆ రికార్డులో అర్జునుడు అడుగుతాడు, కృష్ణుడు చెబుతాడు. వరస కలిపితే ప్రశ్న పుట్టకముందే జవాబు వస్తుంది. దాన్ని ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా మీ ఇద్దరూ కలిసి వినండి. తేడా ఆమెకే తెలుస్తుంది, మీరు చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. నేదునూరి కృష్ణమూర్తి గారు పాడిన అన్నమాచార్య కీర్తనల క్యాసెట్లు ఎప్పుడో కొన్నవి నా దగ్గరున్నాయి. హుద్‌హుద్ తుపానులో బీరువా కింది అర తడిసింది. ఇన్నేళ్ల తరువాత మొన్న తీసి చూస్తే టేపు మీద తెల్లని బూజు కనిపించింది. టేప్‌రికార్డరులో వేయవచ్చా? మరో సందేహం: అన్నమయ్య కీర్తనలు ఒక్కో గాయకుడి నోట ఒక్కో వరసలో వినిపిస్తున్నాయి. అసలు వరస ఏది? (భీమునిపట్నం)

జవాబు: మాస్టారూ, దయచేసి ఆ క్యాసెట్లను అలాగే టేప్‌రికార్డరులో వేయకండి. బూజు రేణువులు టేపును చదివే హెడ్‌కు అంటుకుని ధ్వనిని మసకబారుస్తాయి, తరువాత వేసే మంచి క్యాసెట్లకూ పాకుతాయి. నాలుగైదు రోజులు ఎండ తగలని చోట ఫ్యాను గాలికి ఆరనివ్వండి. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు ఉంటే, ఒక డబ్బాలో వాటితో కలిపి ఉంచండి; సముద్రపు గాలికి తేమ తొందరగా పోదు. తరువాత ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట కూర్చుని, పెన్సిల్‌తో చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ, బయటికి కనిపించే టేపును మెత్తని పొడి గుడ్డతో తాకీ తాకనట్టు తుడవండి. క్యాసెట్టు ముందు భాగంలో, సన్నని రాగి రేకు మీద చిన్న ఉన్ని ముక్క ఒకటి అతికించి ఉంటుంది. టేపును హెడ్‌కు ఆనించి పట్టేది అదే. అది ఊడిపోతే శబ్దం లోపలెక్కడి నుంచో వస్తున్నట్టు ఉంటుంది. ముందుగా అది ఉన్నదో లేదో చూసుకోండి. ఇంత చేశాక, మొదటిసారి వేసినప్పుడే కంప్యూటరులోకి రికార్డు చేయించండి, ఎందుకంటే ముసలి టేపు రెండోసారి అంత బాగా పలుకుతుందన్న భరోసా లేదు. రికార్డు చేసేవారితో ధ్వనిని కుదించే ఎంపీ3 వద్దని, కుదించని వేవ్ ఫైలుగా ఉంచమని చెప్పండి. పని పూర్తయ్యాక హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదితో తుడిపించండి.

ఇక మీ రెండో సందేహం. ఇలా అడిగేవారి కోసం నేను చాలాకాలంగా ఎదురుచూస్తున్నాను. అన్నమయ్య (1408–1503) కీర్తనలు తిరుమల ఆలయంలోని భాండారంలో రాగిరేకుల మీద మనకు దొరికాయి. ఆయన 32 వేలు రాశారని ప్రతీతి; దొరికినవి సుమారు 14 వేలు. ఆ రేకుల మీద కీర్తన ఉంది, దాని నెత్తిన రాగం పేరు ఉంది, అంతే. స్వరాలు లేవు. అంటే ఆ పాటను అన్నమయ్య ఎలా పాడారన్నది ఆయన గొంతుతోనే పోయింది. ఈనాడు మనం వినే వరసలు దాదాపుగా ఇరవయ్యో శతాబ్దంలోనూ ఆ తరువాతా రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి వారు మొదలైన విద్వాంసులు కూర్చినవే. కాబట్టి ‘అసలు వరస’ అనేది మనకు దక్కలేదు. కీర్తన మాటల లోపలికి ఎవరి వరస ఎంత దూరం వెళ్లిందన్నదే మనం చూడగలిగినది.

ఈ కొలతతో నేదునూరి వారు కూర్చిన ‘నానాటి బదుకు నాటకము’ విని చూడండి. దానికి ఆయన ఎంచుకున్నది రేవతి. అందులో ఉన్నవి ఐదే స్వరాలు. గాంధారమూ ధైవతమూ లేవు. పాట సంతోషం వైపు మొగ్గుతోందో దుఃఖం వైపు మొగ్గుతోందో మన చెవికి ముందుగా చెప్పేది గాంధారం. అది లేనందువల్ల గొంతు రిషభం నుంచి నేరుగా మధ్యమానికి దాటవలసి వస్తుంది. ఏడుపూ కాని, నవ్వూ కాని ఒక నిశ్చలత దానంతట అదే ఏర్పడుతుంది. పుట్టుటా నిజమే, పోవుటా నిజమే, నట్టనడిమి పనే నాటకమని చెప్పే కీర్తనకు ఇంతకంటే తగిన రాగాన్ని నేను ఊహించలేను. ఎం.ఎస్.సుబ్బులక్ష్మి గారు తిరుమల తిరుపతి దేవస్థానం కోసం పాడిన బాలాజీ పంచరత్నమాలలో ఈ కీర్తనను ఇదే వరసలో పాడారు. అయినా నేదునూరి వారి సొంత గొంతులో వినడంలో ఒక నిరాడంబరత ఉంది. మీ క్యాసెట్టు బాగుపడాలని నేను ఆత్రంగా కోరుకుంటున్నది అందుకే. విజయనగరం సంగీత కళాశాలలో చదివి, శ్రీపాద పినాకపాణి గారి దగ్గర సాధన చేసి, 1991లో సంగీత కళానిధి అయిన ఆ విద్వాంసుడు మన విశాఖలోనే ఉండి, హుద్‌హుద్ వచ్చి రెండు నెలలు తిరగకముందే, 2014 డిసెంబరులో ఇక్కడే కన్నుమూశారు.

ప్రశ్న: జాజ్ వినాలంటే మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’తో మొదలుపెట్టాలని అందరూ అంటున్నారు. మూడుసార్లు విన్నాను. నాకు ఏమీ అనిపించలేదు. లోపం నాలో ఉందా? (సిరిపురం, విశ్వవిద్యాలయ విద్యార్థి)

జవాబు: లోపమేమీ లేదు. ఎవరో గొప్పదన్నారని మొహమాటానికి వినవద్దు. అయితే మానేసే ముందు నాలుగోసారి ఇలా ప్రయత్నించండి. అమెరికా ట్రంపెట్ వాద్యకారుడు డేవిస్ చేసిన, 1959లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో మొదటి భాగం ‘సో వాట్’. అంతకుముందు జాజ్‌లో పాట కింద స్వరమేళాలు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు, కార్డ్స్) ఒకదాని వెంట ఒకటి చకచకా మారిపోయేవి. వాయించేవాడు వాటిని తరుముకుంటూ పోవలసి వచ్చేది. డేవిస్ ఆ పరుగును ఆపి, ఒకే స్వరక్రమం మీద చాలాసేపు నిలబడ్డారు. ‘సో వాట్’లో 16 కొలతల (మన తాళం ఆవర్తాల్లాంటివి) పాటు ఒక స్వరక్రమం, 8 కొలతలకు అదే క్రమం అరమెట్టు పైన, తిరిగి 8 కొలతలు పాత చోటనే. వాళ్లు డోరియన్ అని పిలిచే ఆ క్రమంలో ఉన్న స్వరాలు మన ఖరహరప్రియ స్వరాలే. గమకాలు ఉండవు కాబట్టి దాన్ని ఖరహరప్రియ రాగం అనకూడదు, కాని మెట్లు అవే. ముందు ‘చక్కని రాజమార్గము’ ఒకసారి విని, వెంటనే ఇది పెట్టండి. శ్రుతి మీద నిలబడి నెమ్మదిగా ఆలాపన చేస్తున్న మనిషి మీకు అందులో కనిపించవచ్చు. కనిపించకపోతే ఇంకో పదేళ్ల తరువాత చూద్దాం, తొందరేమీ లేదు.

మీరు ఎక్కడైనా పాత ఎల్పీ మీద విన్నట్లయితే ఇంకో మాట. రికార్డు చేసిన యంత్రాల్లో ఒకటి కాస్త నెమ్మదిగా తిరిగింది; ఆ టేపును మామూలు వేగంతో వినిపించినందువల్ల ఆ ఎల్పీ మొదటి వైపునున్న మూడు భాగాలూ కొంచెం వేగంగా, కొంచెం హెచ్చు శ్రుతిలో వెలువడ్డాయి. 1992 నాటి ముద్రణలో సరిచేశారు. మూడు దశాబ్దాలకు పైగా లోకమంతా తప్పు శ్రుతిలోనే దాన్ని ప్రేమించిందన్న సంగతి తెలిసినప్పటి నుంచీ ఆ ఆల్బమ్ నాకు ఇంకా దగ్గరైంది.

ప్రశ్న: అందరినీ అడుగుతున్నారు, మీరేం వింటున్నారో చెప్పరేం? ఎందుకో కూడా చెప్పాలి. (దొండపర్తి)

జవాబు: ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్. 1893లో బెంగుళూరులో పుట్టినా ఆయన పెరిగింది మన విశాఖపట్నంలో. పాత 78 స్పీడు రికార్డుల నుంచి డిజిటల్‌గా మార్చి ఒకచోట చేర్చిన సంకలనం వింటున్నాను. పది అంగుళాల ఆ రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే. కచేరీలో గంటసేపు నడపగల రాగాన్ని ఆ మూడు నిమిషాల్లో కుదించాలి. కుదించినట్టు తెలియకూడదు. ఆయన తొందరపడరు. నిడుపాటి కమానుతో ఒక్క స్వరాన్ని లాగి, అది నిండేదాకా ఆగుతారు; మూడు నిమిషాల్లో ఇంత సమయం ఎక్కడి నుంచి తెచ్చారా అనిపిస్తుంది. నేను వింటున్నది ఆ ఆగడం కోసమే. చివరి స్వరం ముగిశాక ముల్లు గీతల్లో గీరుకునే చప్పుడు ఒక్క క్షణం వినిపిస్తుంది. మార్చినవారు దాన్ని కత్తిరించకుండా వదిలినందుకు వారికి నా నమస్కారం. అది ఆగేదాకా ఉండి, మళ్లీ మొదటి నుంచి పెడుతున్నాను.