గాల్ బ్లాడర్ ఆపరేషన్‌కి వెంటిలేటరా?

ప్రశ్న: మా అమ్మకి 58 ఏళ్ళు. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. గాల్ బ్లాడర్‌లో రాళ్ళకి లాప్రోస్కోపీ చేస్తామన్నారు. వెంటిలేటర్ పెడతారని తెలిసినప్పటి నుంచీ ఇంట్లో అందరికీ టెన్షన్. కరోనాలో మా పెదనాన్న వెంటిలేటర్ మీదే పోయారు. ఆ మెషీన్‌తో ఊపిరితిత్తులు పాడవుతాయట, నిజమేనా?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: కరోనా తర్వాత ఈ ప్రశ్న అడగని కుటుంబం లేదమ్మా. మీ పెదనాన్నగారి ఊపిరితిత్తులు అప్పటికే జబ్బుపడి ఉన్నాయి. అమ్మగారికి అలా కాదు. మత్తు డాక్టర్లం కండరాలు వదులయ్యే మందు ఇస్తాం కాబట్టి ఆపరేషన్ అయ్యేదాకా మెషీనే ఊపిరి అందించాలి. మెలకువ వచ్చి, సొంతంగా ఊపిరి తీసుకోగానే ట్యూబు తీసేస్తాం.

అలాగని మీవాళ్ళ మాట ఉత్త పుకారనీ అనను. లాప్రోస్కోపీలో పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. దాని ఒత్తిడి సాధారణంగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం. అది డయాఫ్రమ్‌ని, అంటే పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే కండరాన్ని, పైకి నెడితే ఊపిరితిత్తుల అడుగు భాగం నలిగి, అక్కడి గాలి గదులు కొన్ని మూసుకుపోతాయి. అప్పుడు పెద్ద పెద్ద ఊపిరులు ఇస్తే, తెరిచి ఉన్న గదులే అతిగా సాగి దెబ్బతింటాయి.

అందుకే మేం ముందు ఎత్తు చూస్తాం. ఒళ్ళు చేసినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు కదా! 152 సెంటీమీటర్ల స్త్రీకి లెక్క ప్రకారం ఉండాల్సిన బరువు దాదాపు 45 కిలోలు. కిలోకి 6 నుంచి 8 మిల్లీలీటర్ల చొప్పున ఒక్కో ఊపిరికి 270 నుంచి 360 మిల్లీలీటర్లు చాలు. 84 కిలోలు పట్టుకుని పాత పద్ధతిలో పదేసి ఇస్తే 840! పొట్టలో గ్యాసు కొంత రక్తంలో కలుస్తుంది. దాన్ని బయటికి పంపడానికి నిమిషానికి ఊపిరుల సంఖ్య పెంచుతాం, పరిమాణం కాదు.

ఊపిరి వదిలాక కూడా గాలి గదులు మూసుకోకుండా కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచుతాం. దాన్ని పీప్ అంటాం. 2013లో ఫ్రాన్స్‌లో పొట్ట ఆపరేషన్లు జరిగిన 400 మందిలో చిన్న ఊపిరులు, పీప్, మధ్యమధ్య ఊపిరితిత్తులను తెరిచే పద్ధతి కలిపి వాడితే, పెద్ద సమస్యలు 27.5 శాతం నుంచి 10.5 శాతానికి తగ్గాయి. అయితే పీప్ ఎంత ఎక్కువైతే అంత మంచిదని కాదు. 2019లో వచ్చిన మరో అధ్యయనంలో, ఊబకాయం ఉన్న దాదాపు 2,000 మందిలో, పీప్ 12 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి పెట్టినా 4 పెట్టినా ఊపిరితిత్తుల సమస్యల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బీపీ పడిపోవడం మాత్రం 12 పెట్టినవారిలోనే ఎక్కువ. అమ్మగారికి ఎంత పెట్టాలో ఆమె మత్తు డాక్టరు బల్ల దగ్గరే తేల్చుకుంటారు. గాల్ బ్లాడర్‌కి తలవైపు ఎత్తి పడుకోబెడతారు, డయాఫ్రమ్ మీద ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి అది మనకి కలిసొచ్చేదే. గర్భసంచి ఆపరేషన్‌లో తల కిందికి వంచుతారు, అక్కడే మాకు అసలు పని.

అమ్మగారికి ఉబ్బసం, గట్టి గురక, కట్టెల పొయ్యి దగ్గర ఏళ్ళ తరబడి వంట, ఏది ఉన్నా మత్తు డాక్టరుకి ముందే చెప్పండి. ఆపరేషన్ అయ్యాక సాయంత్రానికే లేపి కూర్చోబెట్టమంటారు. నొప్పిగా ఉందని పడుకోనివ్వకండి. భుజం నొప్పి వస్తే కంగారు వద్దు, మిగిలిన గ్యాసు వల్ల వచ్చేది రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా మాత్రం వెంటనే నర్సుని పిలవండి.