ఎలుకల ల్యాబ్‌లో చేరతానంటున్న అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఎంఎస్సీ బయోటెక్నాలజీ చేసి జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంది. ఎలుకలకు పెద్దపేగు క్యాన్సర్ తెప్పించి పరిశోధించే ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. మా ఇంట్లో జీవహింస గిట్టదు. ఆరోగ్యానికీ ప్రమాదమేమో. పైగా జంతు ప్రయోగాలు త్వరలో ఆగిపోతాయట. ఆరు నెలల బయోఇన్ఫర్మాటిక్స్ (జీవశాస్త్ర సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే విద్య) కోర్సులో చేర్పిస్తే నయమా? రెండూ పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఇలాంటి ఉత్తరం ఏటా వస్తుంది. ఎలుక స్థానంలో ఒక్కోసారి కుందేలు ఉంటుంది, అంతే తేడా. మీరు రాయనిది నేనే రాస్తాను: పెళ్లివారు అడిగితే ఏమని చెప్పాలి? క్యాన్సర్ మీద పరిశోధన చేస్తోందని చెప్పండి. అది నిజమే కదా. ఇంకొక మాట. జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్న అమ్మాయిని ‘చేర్పిస్తే’ అని రాశారు. చేర్పించడానికి ఆమె ఎల్‌కేజీ పిల్ల కాదండీ.

ఎలుక క్యాన్సర్ అలా మనిషికి అంటుకునేది కాదు. జాగ్రత్త వేరే చోట కావాలి. ఎక్కువగా వాడే ఒక పద్ధతిలో ఎలుకకు అజాక్సీమీథేన్ అనే రసాయనం ఎక్కించి, ఆపైన పేగులో వాపు తెచ్చే డీఎస్‌ఎస్‌ను తాగే నీళ్లలో విడతలుగా కలుపుతారు. ఆ మొదటిది క్యాన్సర్ కారకం. దాన్ని ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిరిని బయటికి లాగేసే గూడులో), గ్లవుజులతోనే కలుపుతారా అని అమ్మాయిని కనుక్కోమనండి. ఎలుకల మూత్రం వల్ల ఎలర్జీ, ఆస్తమా వచ్చేవారూ ఉన్నారు. ఆమెకు ఆయాసం ఉంటే ముందే డాక్టరును కలవాలి.

హింస మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. ల్యాబుల్లో ‘శాక్రిఫైస్’ అంటారు గానీ, అది చంపడమే. ఎన్ని ఎలుకలు, ఎందుకు, బాధ ముదరకముందే ఎప్పుడు ఆపాలి అన్నవి సంస్థలోని జంతు నైతిక కమిటీకి ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి. అయినా చెయ్యి వణికి ఆరు నెలల్లో మానేసినవారిని చూశాను. అందులో సిగ్గుపడేదేమీ లేదు. చేరేముందు ఒక వారం ఎలుకలను ఉంచే యానిమల్ హౌస్‌కు వెళ్లి చూడమనండి. తేల్చుకోవలసింది ఆమె, మీరు కాదు.

ఆగిపోతాయన్న మాట సగమే నిజం. 2022 డిసెంబరులో అమెరికా చట్టం మార్చి, కొత్త మందులకు జంతు పరీక్ష తప్పనిసరి కాదంది. 2023లో మన నిబంధనలూ ఇతర పద్ధతులకు దారిచ్చాయి. రెండూ నిషేధాలు కావు. ఎలుకకు బదులుగా అందరూ చెప్పే ఆర్గనాయిడ్‌లను, అంటే గిన్నెలో పెంచే బుల్లి పేగులను, 2009లో నెదర్లాండ్స్‌లో మొదట పెంచింది ఎలుక పేగు మూలకణాల నుంచే. మామూలు ఆర్గనాయిడ్‌లో రక్తనాళాలు ఉండవు. గడ్డ కాలేయానికి ఎలా పాకుతుందో అందులో చూడలేం.

ఎలుకనూ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 1990లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో గుర్తించిన ‘మిన్’ ఎలుకలో చెడేది ఏపీసీ జన్యువు. మనుషుల్లో అది పుట్టుకతోనే చెడి ఉంటే పెద్దపేగు నిండా పిలకలు (పాలిప్‌లు) లేస్తాయి. ఈ ఎలుకకు మాత్రం గడ్డలు ఎక్కువగా చిన్నపేగులో వస్తాయి, దూరం పాకడం అరుదు. రక్తం తగ్గి పాదాలు పాలిపోతాయి.

ఇది తెలియకపోతే ఏమవుతుందో చెబుతాను. మీరు అడిగినలాంటి కోర్సే చేసిన ఒక కుర్రాడు అందమైన రంగుల పటం తెచ్చి, పెద్దపేగు క్యాన్సర్ అన్నాడు. నమూనాలు మిన్ ఎలుక చిన్నపేగువి. బయోఇన్ఫర్మాటిక్స్ మంచి విద్యే. నాకు అనుమానమల్లా ఆరు నెలల సర్టిఫికెట్ మీదే. ఫీజు చెల్లించే ముందు, అక్కడ చదివినవారు ఇప్పుడు ఏం చేస్తున్నారో ఇద్దరికి ఫోను చేసి అడగండి. ల్యాబ్‌లో ఉంటూనే ఆమె కోడింగ్ నేర్చుకోవచ్చు. కోడింగ్ నేర్చుకుని ఇంట్లో కూర్చుంటే ఎలుక పేగు కోసి, పరిచి, గడ్డలు లెక్కపెట్టడం రాదు. జేఆర్‌ఎఫ్ కింద నెలకు 37,000 రూపాయలు వస్తుంటే మీరు ఎదురు ఫీజు కట్టాలనుకోవడమేమిటో నాకు అర్థం కాలేదు.

పోల్చమన్నారు, నేను ఒక వైపే మొగ్గాను. కానీ గైడ్‌ను చూడకుండా ఆమె కూడా సరే అనకూడదు. సీనియర్లకు పీహెచ్‌డీ ఎన్నేళ్లు పట్టిందో అడగమనండి. సంక్రాంతి సెలవుల్లో ఎలుకలకు నీళ్లు పెట్టేదెవరో కూడా. సాధారణంగా ఆ ఏడాది కొత్తగా చేరినవారే.