చిన్నపిల్లలున్న ఇంట్లో రోజూ కుటుంబ ప్రార్థన సాగుతుందా? మా ఇంటి బియ్యం సీసా సంగతి

ఒక చెల్లి అడిగిన ప్రశ్న ఇది: "ఇద్దరు చిన్నపిల్లలు. రాత్రి కుటుంబ ప్రార్థనకి కూర్చుంటే ఒకరు లేచి పరిగెడతారు, ఇంకొకరు ఏడుస్తారు. ఐదు నిమిషాలు కూడా సాగడం లేదు. కొన్నాళ్లు మానేయాలా, కొట్టయినా కూర్చోబెట్టాలా?"

వందనాలు చెల్లీ. మానొద్దు, కొట్టొద్దు. మా పాపకి ఏడేళ్లు, బాబుకి మూడున్నర. గుంటూరులో రెండు గదుల అద్దె ఇల్లు. మీరు రాసింది చదువుతుంటే రెండేళ్ల కిందటి మా ఇల్లే కళ్లముందు కనబడింది. చాప పరిచేవాళ్లం. మావారు అధ్యాయం మొత్తం చదివేవారు. మధ్యలో బాబు నా కొంగు పట్టుకుని లాగేవాడు, పాప "ఇంకా ఎన్ని వచనాలు నాన్నా" అని అడిగేది. ఆమెన్ అనేసరికి నాకు తల పగిలిపోయేది. ప్రార్థన అయ్యాక ఇంట్లో నెమ్మది ఉండాలి కదా, మా ఇంట్లో మాత్రం అందరి మొహాలూ ముడుచుకుపోయి ఉండేవి.

ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం ఒకసారి తెరిచి చూడండి. దేవుని మాటలు పిల్లలకి ఎప్పుడెప్పుడు చెప్పాలో అందులో నాలుగు వేళలు ఉన్నాయి. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. మూడేళ్లవాడు దారిన నడుస్తాడు, పడుకుంటాడు, లేస్తాడు. కుదురుగా కూర్చోవడం ఒక్కటే వాడికి చేతకాదు. నాలుగింటిలో మూడు వచ్చినవాడిని పట్టుకుని, ఆ రాని ఒక్కదాని కోసం రోజూ వాడి ప్రాణం, మన ప్రాణం తీసుకుంటున్నాం. నాకు తెలిసిన ఇళ్లలో ప్రార్థన ఆగిపోయిన ప్రతిచోటా కారణం ఇదే.

మా ఇంట్లో ఇప్పుడు ప్రార్థన బియ్యం కడిగే వేళకి మారింది. చాప లేదు. వంటగదిలో గట్టు దగ్గర పిల్లలిద్దరూ నా పక్కన నిలబడతారు. నేను గ్లాసుతో బియ్యం కొలిచాక ఇద్దరూ చెరో పిడికెడు తీసి ఒక సీసాలో వేస్తారు. వేస్తూ ఆ రోజు దేనికి కృతజ్ఞత చెప్పాలనుకుంటే అది చెబుతారు. బాబు ఎక్కువగా కుక్కపిల్ల గురించే చెబుతాడు. నేను ఒక్క వచనం చెప్పి, చిన్న ప్రార్థన చేసి పొయ్యి వెలిగిస్తాను. మూడు నిమిషాలు పడుతుంది. అధ్యాయం మొత్తం మేమిద్దరం పిల్లలు పడుకున్నాక చదువుకుంటాం.

ఇది నేను కనిపెట్టింది కాదు, మా అమ్మమ్మది. ఆవిడది తెనాలి వైపు పల్లె, లూథరన్ కుటుంబం. అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు 1842లో గుంటూరు వచ్చినప్పటినుంచి ఈ చుట్టుపక్కల సంఘాలు మొదలయ్యాయి. కానీ అమ్మమ్మకి చదువు రాదు. ఆవిడకి వాక్యం నేర్పింది ఒక బైబిల్ ఉమన్, అంటే ఇళ్లకి వెళ్లి ఆడవాళ్లకి వాక్యం చెప్పే సేవకురాలు. ఇంటికొచ్చి, పొయ్యి పక్కన పీట వేసుకుని, అమ్మమ్మ కూర తరుగుతుంటే నేర్పేదట. ఆ రోజుల్లో కూలి గింజల్లోనే వచ్చేది. కానుకకి చేతిలో డబ్బులు ఉండేవి కావు. అందుకని ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసేది. అది ఆదివారం గుడికి వెళ్లేది. మిజోరంలో 1910 నుంచి సంఘాలు ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి. అక్కడి ఆడవాళ్లు వంటకి ముందు పిడికెడు బియ్యం పక్కన పెడతారు, దాన్ని ఇంటింటికీ వెళ్లి పోగుచేసి అమ్మితే వచ్చిన డబ్బు సువార్త పనికి వెళుతుంది. అంత పెద్ద పని పొయ్యి దగ్గర పుట్టింది. మనం మాత్రం భక్తి అంటే మైకు, స్టేజీ, సౌండ్ బాక్సులు అనుకుంటున్నాం.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ మధ్య ఫోన్లో క్రైస్తవ గృహిణి పేరుతో విదేశాల వీడియోలు వస్తున్నాయి. తెల్లటి వంటగది, చెక్క మీద చెక్కిన వాక్యం, ఇంట్లో కాల్చిన రొట్టె, తెల్లబట్టలు వేసుకుని బుద్ధిగా కూర్చున్న ఐదుగురు పిల్లలు. వాటిని చూసి మా సంఘంలో ఒక అమ్మాయి తన ఇల్లు దేవునికి తగినట్టు లేదని ఏడ్చింది. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఇంట్లో ఆ వీడియోలు పెట్టుకుని ఎవరిని ఎవరితో పోల్చుకుంటాం? స్త్రీల కూడికల్లోనూ ఇంతే. బైబిల్లో గుణవతియైన భార్య గురించి ఉన్న సామెతలు 31 తీసి, చూడండి ఆవిడ చీకటితోనే లేచింది, మీరు ఏడింటికి లేస్తున్నారు అని చెప్పడం. అదే వచనంలో ఆవిడకి పనికత్తెలు ఉన్నారని ఎవరూ చదవరు. పదో వచనం నుంచి చివరిదాకా 22 వచనాలు, హెబ్రీ అక్షరాలు కూడా 22. ఒక్కో వచనం ఒక్కో అక్షరంతో మొదలవుతుంది. అంటే అది అ నుంచి ఱ దాకా ఒక ఇల్లాలిని మెచ్చుకుంటూ కట్టిన పద్యం. మెచ్చుకోవడానికి రాసినదాన్ని మనం తిట్టడానికి వాడుతున్నాం. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

సరే, సీసా సంగతికి వస్తాను. అసలు మీకు చెప్పాలనుకున్నది అదే.

మాది పాత హార్లిక్స్ సీసా. బయటికి కనబడుతుంది కాబట్టి బియ్యం ఎంతవరకు వచ్చిందో పాప రోజూ చూసుకుంటుంది. నోటు పుస్తకం లేబుల్ చివర కత్తిరించి గుర్తుగా అంటిస్తుంది, బియ్యం పెరిగేకొద్దీ దాన్ని పైకి జరుపుతుంది. నెలాఖరు ఆదివారం ఆ బియ్యం గుడికి ఇస్తాం. సంఘంలో ఒంటరిగా ఉంటున్న ఇద్దరు ముసలమ్మలకి వెళుతుంది.

పోయిన సంవత్సరం మావారు పనిచేసే ప్రైవేటు కాలేజీలో రెండు నెలలు జీతాలు ఇవ్వలేదు. 26వ తేదీ మధ్యాహ్నం బియ్యం డ్రమ్ములో చెయ్యి పెడితే అడుగు తగిలింది. కిరాణా కొట్లో అప్పటికే బాకీ పేరుకుపోయింది, మళ్లీ అడగడానికి మొహం చెల్లలేదు. పాప స్కూల్లో ఉంది. సీసా మూత తీసి నాలుగు గ్లాసులు కొలుచుకున్నాను. మూత బిగించి, లేబుల్ ముక్క కనబడకుండా సీసాని వెనక్కి తిప్పి పెట్టాను. ఆ తిప్పి పెట్టడంలోనే నా మనసు ఏం చేస్తోందో నాకు తెలుసు.

సాయంత్రం పాప సీసా దగ్గరికి వెళ్లింది. తిప్పి చూసింది. లేబుల్ పైన ఉంది, బియ్యం అడుగున ఉన్నాయి. "అమ్మా, దేవుడి బియ్యం ఏవీ?" అంది.

"పురుగు పట్టిందమ్మా, పారబోశాను" అన్నాను. ఆలోచించకుండానే వచ్చేసింది ఆ మాట.

నమ్మింది. ఏమీ అనలేదు. పిడికెడు వేసేటప్పుడు కళ్లు మూసుకుని ఇలా ప్రార్థన చేసింది: "యేసయ్యా, నీ బియ్యానికి పురుగు పట్టింది. అమ్మ పారబోసింది. అమ్మ మీద కోప్పడకు. పురుగులు ఇంకెప్పుడూ రాకుండా చెయ్యి." బాబు గట్టిగా ఆమెన్ అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. ఆ రాత్రి తిన్నది ఆ బియ్యమే.

మర్నాడు స్కూలు నుంచి వచ్చి పాప నేరుగా వంటగదిలోకి వెళ్లింది. యూనిఫాం జేబు ఉబ్బి ఉంది. లోపలినుంచి వేపరెబ్బలు తీసింది. స్కూలు గేటు దగ్గర చెట్టువి. వాళ్ల నానమ్మ బియ్యం డబ్బాలో వేపాకు వేయడం చూసింది, అది గుర్తుపెట్టుకుంది. ఎండకి వాడిపోయిన ఆ ఆకుల్ని ఒక్కొక్కటే తుంచి, గౌనుకి తుడిచి, సీసాలో వేస్తూ లెక్కపెడుతోంది. పదకొండో ఆకు దగ్గర నేను ఆగలేకపోయాను. పక్కన కింద కూర్చుని చెప్పేశాను. పురుగు పట్టలేదు, అన్నానికి నేనే తీశాను, నీతో అబద్ధం చెప్పాను అని.

నా మొహంలోకి చాలాసేపు చూసింది. "యేసయ్యకి తెలుసా?" అంది. తెలుసన్నాను. "నాన్నకి?" తెలియదన్నాను. "అయితే ఈ ఆకులన్నీ వేస్టేనా?" అని అప్పుడు ఏడుపు అందుకుంది. బియ్యం తీసినందుకు ఆ పిల్లకి బాధ లేదు. ఉత్తపుణ్యానికి పురుగుల గురించి ప్రార్థన చేయించానని బాధ. క్షమించమని అడిగాను. రాత్రి మావారితో చెబితే ఆయన చాలాసేపు తల దించుకుని కూర్చున్నారు. తర్వాత పిల్లల ముందే, జీతం రాలేదని, భయంగా ఉందని పైకి ప్రార్థన చేశారు. అలాంటి ప్రార్థన ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి.

అమ్మకి ఫోన్ చేసి దేవుడి సొమ్ము తిన్నానని ఏడిస్తే ఆవిడ చెప్పింది నేను ఎన్నడూ వినలేదు. "మీ అమ్మమ్మ ఆ కుండ ఎన్నిసార్లు ఖాళీ చేసిందనుకున్నావే? ఆకలిగా ఉన్న పిల్లల్ని చూస్తూ ఆ కుండ మీద మూత పెట్టుకుని కూర్చుంటుందా? తీసిన రోజు గోడ మీద బొగ్గుతో గీత గీసేది. తిరిగి పోసిన రోజు చెరిపేది." ఆ గీతలు నాకు బాగా గుర్తు. సెలవులకి వెళ్లినప్పుడు చూసేదాన్ని. పాల లెక్క అనుకునేదాన్ని.

మా పాప వెంటనే క్యాలెండర్ వెనకవైపు పెన్సిలుతో నాలుగు గీతలు గీసింది. జీతం పడ్డాక ఒక్కో గ్లాసు తనే కొలిచి పోసి ఒక్కో గీత చెరిపింది. నాలుగోది తను చెరుపుతానని బాబు గొడవ చేసి కాగితం చింపేశాడు.

ఇదంతా చాప మీద కూర్చుంటే జరిగేది కాదని నా గట్టి నమ్మకం. అక్కడ కంఠత వాక్యం అప్పజెబుతారు, స్టీలు గిన్నె బహుమతి తెచ్చుకుంటారు. అమ్మ అబద్ధం చెప్పడం, ఒప్పుకోవడం, నాన్న భయపడడం వాళ్లకి వంటగదిలోనే కనబడ్డాయి.

మీరు కూడా ఒక సీసా పెట్టుకోండి చెల్లీ. కడిగి ఒక పూటంతా ఎండలో ఆరబెట్టండి, తడి ఉంటే నిజంగానే పురుగు పడుతుంది. వేపాకు వేస్తే మాత్రం బాగా ఎండబెట్టింది వేయండి. మా పాప వేసిన పచ్చి ఆకులకి వారంలో బూజు పట్టి, ఆ బియ్యం మళ్లీ చెరగాల్సి వచ్చింది.