‘కంట్రోల్’ అంటే నియంత్రణేనా?

సందేహం: క్లినికల్ ట్రయల్స్‌లో కొత్త మందు వాడినవారిని ఒకప్పటి రోగుల రికార్డులతో పోల్చే పద్ధతి ఉంది. ఒక వ్యాసంలో ఆ పాత రోగులను ‘చారిత్రాత్మక నియంత్రణ సమూహం’ అన్నారు. ఈ మాట సరైనదేనా?
– ఒక ఫార్మసీ విద్యార్థిని, పలాస

సమాధానం: ‘ఆత్మక’ చేరినంత మాత్రాన ఆదివృద్ధి (మొదటి ‘చ’ ‘చా’ కావడం) రాదు కనుక ‘చరిత్రాత్మక’ అనాలి, లేదా ‘చారిత్రక’ అనాలి, ఈ తప్పును పత్రికలూ టీవీలూ రోజూ మన చేత వల్లె వేయించడం నాకు బాధ కలిగిస్తుంది. అయితే అసలు చిక్కు ఇంగ్లీషు ‘కంట్రోల్’కు అనువాదంగా పెట్టిన ‘నియంత్రణ’ దగ్గర ఉంది.

‘కంట్రోల్’కు మూలం పాత ఫ్రెంచిలోని ‘కోంత్ర్-రోల్’. రోల్ అంటే చుట్టగా చుట్టిన లెక్కల పత్రం. దానిలోని పద్దులను సరిచూడడానికి విడిగా రాసి ఉంచే ఎదురు ప్రతి కోంత్ర్-రోల్. అదుపు అనే అర్థం ఆ తనిఖీ అధికారాన్ని పట్టుకుని తరువాత వచ్చింది. వైద్య పరిశోధకుల ‘కంట్రోల్’లో మాత్రం ఆ తొలినాటి సరిచూపే నిలిచి ఉంది. మన ‘నియంత్రణ’కు కట్టడి అనే అర్థమే గాని సరిచూడడమనే అర్థం లేదు. ఏనాడో చికిత్స ముగించుకుని ఇంటికి వెళ్లిపోయిన రోగులను ఇప్పుడు ఎవరు కట్టడి చేస్తారు?

ఎదురు ప్రతి అనుకుంటే, అది మాత్రం ఎంత నమ్మదగినదన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. పాత రోగులు 50 మందిలో 20 మందికి, కొత్త మందు వాడిన 50 మందిలో 28 మందికి నయమైందనుకోండి. పాత 40 శాతాన్ని రాతిమీది అక్షరంలా స్థిరమనుకుని పరీక్షిస్తే పి విలువ (మందుకు ప్రభావమేమీ లేకపోయినా కాకతాళీయంగా కనీసం ఇంత తేడా కనబడే అవకాశం) మామూలుగా హద్దుగా పెట్టుకునే 0.05 కన్నా తక్కువ వస్తుంది, మందు గెలిచినట్టే కనబడుతుంది. ఆ 40 శాతం కూడా 50 మందిని చూసి వేసిన అంచనాయేనని ఒప్పుకుని రెండు వర్గాలనూ పోలిస్తే అదే విలువ 0.11 దాకా పోతుంది. పైగా రోగనిర్ధారణ, ఆసుపత్రి సంరక్షణ, రోగుల ఎంపిక కాలంతో మారతాయి. నిరుటి ధాన్యాన్ని ఒక కుంచంతో, ఈ ఏటి ధాన్యాన్ని మరో కుంచంతో కొలిచి దిగుబడి పెరిగిందంటే మా విజయనగరం రైతు ఒప్పుకోడు. సాక్స్, చామర్స్, స్మిత్ అనే పరిశోధకులు 1982లో ఆరు చికిత్సల మీద వచ్చిన అధ్యయనాలను పరిశీలించినప్పుడు, పాత రోగులతో పోల్చినవాటిలో 79 శాతం కొత్త చికిత్సే మేలన్నాయి. రోగులను యాదృచ్ఛికంగా విభజించినవాటిలో అలా అన్నవి 20 శాతమే.

అందుచేత ‘పూర్వరోగుల పోలిక వర్గం’ అనడం మేలని నా అభిప్రాయం. ‘సరిచూపు వర్గం’ మూలార్థానికి ఇంకా దగ్గర, అయితే చెవికి కొత్త. నోటి వాడుక కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు మీ శ్రీకాకుళం సీమవారే. ఆ మార్గంలో మీరు ‘కంట్రోల్ గ్రూప్’ అనే రాసినా నేను తప్పుపట్టను. ‘నియంత్రణ సమూహం’ ఇప్పటికే పాఠ్యపుస్తకాలకెక్కింది కనుక దోషమని కొట్టివేయలేను గాని, నా చేత్తో రాయలేను.